వెన్నెముక ఫ్యూజన్ ఆపరేషన్: ఏ ముప్పు ఎప్పుడు వస్తుంది, దాన్ని ఎలా ఎదుర్కోవాలి

రెండు లేదా అంతకన్నా ఎక్కువ వెన్నుపూసల మధ్య కదలిక లేకుండా చేసి, అవి ఒకే ఎముకగా అతుక్కునేలా చేయడమే ఫ్యూజన్. స్క్రూలు, రాడ్లు, కేజ్ (పూసల మధ్య ఖాళీలో పెట్టే పెట్టెలాంటి ఆధారం) బిగించాక పని అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. స్లాబ్ పోసేటప్పుడు కింద సెంట్రింగ్ కొట్టినట్టు, ఆ లోహం ఉన్నది అతుకు గట్టిపడేదాకా పట్టి ఉంచడానికే. పూసల మధ్య పెట్టిన ఎముక ముక్కల్లోకి రక్తనాళాలు పాకాలి, కొత్త ఎముక పుట్టాలి, అది గట్టిపడాలి. దీనికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది.

కాబట్టి ఈ ఆపరేషన్‌లో ముప్పులన్నీ ఒకేసారి రావు. కొన్ని గంటల్లో వస్తాయి, కొన్ని వారాల్లో, మరికొన్ని ఏళ్లు గడిచాక. ఏది ఎప్పుడు వస్తుందో తెలిస్తే దేనికి ఆసుపత్రికి పరుగెత్తాలో, దేనికి ఓపిక పట్టాలో తెలుస్తుంది. కింది వరుస ఆ కాలక్రమంలోనే ఉంది. మీ సర్జన్ చెప్పినదానికి, ఇక్కడ రాసినదానికి తేడా ఉంటే సర్జన్ మాటే వినండి. కానీ ఆ తేడా ఎందుకో అడిగి తెలుసుకోండి.

1. ముందు, ఫ్యూజన్ ఎందుకో తేల్చుకోండి

అవసరం లేని ఫ్యూజన్‌తో కూడా కింద చెప్పబోయే ముప్పులన్నీ రావచ్చు. అందుకే మొదటి జాగ్రత్త ఇక్కడే.

పూస జారి, వంగినప్పుడూ నిటారుగా అయినప్పుడూ ఎక్స్‌రేలో అది కదులుతూ కనిపించడం, పూస విరగడం, గడ్డ లేదా ఇన్‌ఫెక్షన్ పూసను తినేయడం, వెన్ను వంకర పెరుగుతూ పోవడం, నరం మీద ఒత్తిడి తీయడానికి కీలు ఎముకను ఎక్కువగా తొలగించాల్సి రావడం: ఇవి ఫ్యూజన్‌కు గట్టి కారణాలు. ‘ఎమ్మారైలో డిస్క్ అరిగింది, నడుము నొప్పి ఉంది’ అన్నది మాత్రం అంత గట్టి కారణం కాదు. నొప్పి ఏమాత్రం లేనివాళ్లలో కూడా వయసుతో పాటు అరిగిన డిస్కులు కనిపిస్తూనే ఉంటాయి. నరం నొక్కుకుపోవడం వల్ల కాలులోకి లాగే నొప్పి ఆపరేషన్‌తో తగ్గినంత నమ్మకంగా నడుములోనే ఉండే నొప్పి తగ్గదు.

నరాల దారి ఇరుకైనవాళ్లకు ఒత్తిడి తీసేస్తే చాలా, ఫ్యూజన్ కూడా కలపాలా అన్న ప్రశ్న మీద స్వీడన్‌లో 247 మందితో చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. రెండేళ్ల తర్వాత చూస్తే ఫ్యూజన్ కలిపినవాళ్ల ఫలితం ఏమీ మెరుగ్గా లేదు. ఆపరేషన్‌కు పట్టిన సమయం, రక్తస్రావం, ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు మాత్రం పెరిగాయి. వాళ్లలో పూస కొద్దిగా జారినవాళ్లు కూడా ఉన్నారు. అంటే ఫ్యూజన్ ఎవరికీ వద్దని కాదు, మీ విషయంలో అది ఎందుకు కావాలో సర్జన్ మీకు ఫిల్మ్ మీద చూపించి చెప్పగలగాలి.

ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి: ఏయే పూసల మధ్య చేస్తారు? వెనక నుంచా, ముందు నుంచా, పక్క నుంచా? ఒత్తిడి మాత్రమే తీసి వదిలేస్తే ఏమవుతుంది? ఏమీ చేయకుండా ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది? ఎముక ఎక్కడి నుంచి తెస్తారు? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు స్పష్టంగా లేకపోయినా ఇంకో సర్జన్‌కు చూపించుకోండి.

ఆగకూడని పరిస్థితులూ ఉన్నాయి. మలమూత్రాల మీద పట్టు తప్పడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, కాలి బలం రోజురోజుకీ తగ్గడం, మెడలో వెన్నుపాము నొక్కుకుపోయి గుండీలు పెట్టుకోలేకపోవడం, నడక తూలడం లాంటివి ఉంటే రెండో అభిప్రాయం కోసం వారాలు గడపకండి.

2. ఏ దారిలో చేస్తున్నారో తెలుసుకోండి, ముప్పు దాన్ని బట్టే మారుతుంది

నడుముకు వెనక నుంచి చేస్తే కండరాలను పక్కకు తప్పించి, వెన్నుపూస కాడలోంచి (పూస వెనక భాగాన్ని ముందు భాగంతో కలిపే ఎముక) స్క్రూలు దింపుతారు. నరం ఆ కాడకు లోపలి పక్కన, కిందుగా ఆనుకుని పోతుంది. స్క్రూ కొద్ది మిల్లీమీటర్లు లోపలికి లేదా కిందికి తప్పినా నరానికి తగలొచ్చు. మెలకువ రాగానే ముందెప్పుడూ లేని చోట, కరెంటు షాక్‌లా నొప్పి కాలులోకి పోతుంటే అదే అనుమానించాలి. సీటీ స్కాన్‌తో తేలిపోతుంది. స్క్రూ తప్పినట్టు తేలితే తీసి సరిగ్గా వేయడాన్ని వాయిదా వేయకూడదు.

పొట్ట వైపు నుంచి చేస్తే వెన్ను కండరాలు పాడవవు, పెద్ద కేజ్ పెట్టొచ్చు. అయితే కాళ్లకు వెళ్లే పెద్ద రక్తనాళాలు సరిగ్గా దారిలోనే ఉంటాయి. వాటిని పక్కకు తప్పించేటప్పుడు చిరిగితే రక్తం వేగంగా పోతుంది. అందుకే చాలాచోట్ల రక్తనాళాల సర్జన్ పక్కనే ఉంటారు. మీ దగ్గర ఉంటారో లేదో అడగండి. మగవాళ్లకు ఇంకో ముప్పు ఉంది. చివరి నడుము పూసకు, దాని కిందుండే త్రికోణపు ఎముక త్రికాస్థికి మధ్య చేసేటప్పుడు అక్కడి సన్నని నరాల అల్లిక దెబ్బతింటే వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి పోతుంది. స్తంభన, సుఖం అలాగే ఉన్నా పిల్లలు పుట్టడం కష్టమవుతుంది. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆపరేషన్‌కు ముందే వీర్యం భద్రపరచుకోవడం గురించి మాట్లాడాలి. మొహమాటంతో ఈ ప్రశ్న అడగకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ.

పక్క నుంచి చేస్తే తొడను పైకి లేపే కండరంలోంచి వెళ్లాలి. తర్వాత కొన్ని వారాలు తొడ ముందు భాగం మొద్దుబారడం, మెట్లెక్కేటప్పుడు కాలు లేవకపోవడం మామూలే, చాలామందిలో తగ్గిపోతుంది. మోకాలు నిలవకుండా ముడుచుకుపోతుంటే మాత్రం అది కండరం వాపు కాకపోవచ్చు, తొడ నరం దెబ్బ కావచ్చు. వెంటనే చెప్పండి.

మెడకు ముందు నుంచి చేస్తే మింగడం కష్టమవుతుంది. మొదటి రోజుల్లో ఇది చాలామందికి ఉంటుంది, వారాల్లో తగ్గుతుంది. గొంతు బొంగురుపోవడం కూడా అంతే. గతంలో థైరాయిడ్ ఆపరేషన్ గానీ మెడ ఆపరేషన్ గానీ అయి ఉంటే స్వరతంత్రులు రెండూ కదులుతున్నాయో లేదో ఈఎన్‌టీ డాక్టరుతో ముందే చూపించుకోవాలి. ఒకవైపు నరం ముందే దెబ్బతిని ఉండి, ఇప్పుడు రెండోవైపూ దెబ్బతింటే ఊపిరికే అడ్డం వస్తుంది. మెడ ఆపరేషన్ తర్వాత కొందరికి, దాదాపు నూటికి ఐదుగురికి, ఒకటి రెండు రోజుల్లో గానీ వారంలోపు గానీ భుజం పైకి లేవకుండా పోతుంది. చూసి భయపడతారు గానీ, నెలల మీద చాలామంది కోలుకుంటారు.

వీటికి తోడు, ఎముక పెరగడానికి బీఎంపీ అనే ప్రోటీన్ వాడుతున్నారేమో అడగండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని 2002లో నడుముకు ముందు నుంచి చేసే ఫ్యూజన్‌కు అనుమతించింది. మెడలో వాడితే గొంతు వాచి ఊపిరికి ప్రమాదం రావచ్చని 2008లో అదే సంస్థ హెచ్చరించింది. మీ తుంటి ఎముక పైఅంచు నుంచి ముక్క తీస్తామంటే వేరేవాళ్ల ఎముక ద్వారా జబ్బు సోకే భయం ఉండదు, అతుకు బాగా పడుతుంది. కానీ తీసిన చోట నొప్పి కొందరిలో నెలల తరబడి ఉంటుంది.

3. ఎముక అతుక్కోవడానికి అడ్డుపడేవాటిని ఆపరేషన్‌కు ముందే తీసేయండి

తర్వాత వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి బీజం పడేది ఈ వారాల్లోనే. రోగి చేతిలో ఎక్కువ బలం ఉన్న దశ కూడా ఇదే.

నికోటిన్: ఇది చిన్న రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది, ఎముకను కట్టే కణాల పని ఆపుతుంది. పొగ తాగేవాళ్లలో అతుకు పడకపోవడం సుమారు రెట్టింపు. ఆపరేషన్‌కు కనీసం 4 నుంచి 6 వారాల ముందు మానేయాలి, తర్వాత కనీసం 6 నెలలు ముట్టుకోకూడదు. సిగరెట్ మానేసి పొగాకు నమలడం, ఈ-సిగరెట్ పీల్చడం మొదలుపెడితే ఎముకకు తేడా ఏమీ తెలియదు, అదీ నికోటినే. ప్యాచ్, గమ్ పొగ కంటే నయం కానీ వాటిలోనూ నికోటిన్ ఉంటుంది, కాబట్టి వాటిని కూడా ఆపరేషన్ నాటికి వదిలించుకునేలా డాక్టరుతో ప్లాన్ వేసుకోండి. చాలామంది సర్జన్లు కోటినిన్ పరీక్ష చేయించి, అందులో నికోటిన్ జాడ కనిపిస్తే తేదీ వాయిదా వేస్తారు. అది మీ మీద అపనమ్మకం కాదు, మీ ఎముక మీద శ్రద్ధ.

షుగరు: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చూపే పరీక్ష) 7.5 లేదా 8 కన్నా కిందికి వచ్చేదాకా అత్యవసరం కాని ఫ్యూజన్ ఆపడం మంచిది. షుగరు ఎక్కువగా ఉంటే గాయంలో చీము పడే ముప్పు పెరుగుతుంది, ఎముక అతుకు మందగిస్తుంది.

ఎముక బలం: గుల్లబారిన ఎముకలో స్క్రూ పట్టు నిలవదు, వదులై బయటికి జరుగుతుంది. 65 దాటినవాళ్లు, ముట్లుడిగిన ఆడవాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్లు డెక్సా స్కాన్ చేయించుకోవాలి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అరిగిన నడుములో పెరిగిన ఎముక మొనలు కూడా లెక్కలోకి వచ్చి, నడుము అంకె ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. తుంటి అంకె చూడమని అడగండి. ఈ స్కాన్‌లో టీ స్కోరు అనే అంకె -2.5 లేదా అంతకన్నా తక్కువ ఉంటే ముందు కొన్ని నెలలు టెరిపారటైడ్ లాంటి ఎముక కట్టే మందు ఇచ్చి, తర్వాత ఆపరేషన్‌కు వెళ్లడం మేలు. విటమిన్ డి మిల్లీలీటరుకు 30 నానోగ్రాముల పైకి తెచ్చుకోండి.

ఒంట్లో పోషణ: రక్తంలో ఆల్బుమిన్ డెసీలీటరుకు 3.5 గ్రాముల కన్నా తక్కువ ఉంటే గాయం మానడం కష్టమవుతుంది. లావుగా ఉన్నవాళ్లలో కూడా ఇది తక్కువగా ఉండొచ్చు, కాబట్టి మనిషిని చూసి అంచనా వేయకూడదు.

పంటిలో చీము, మూత్రంలో మంట, కాలివేళ్ల మధ్య పుండు, వీపు మీద సెగ్గడ్డలు ఏవైనా ఉంటే దాచకండి. వాటి సూక్ష్మక్రిములు రక్తంలోంచి లోహం మీదికి చేరితే వదిలించడం చాలా కష్టం. వీపు మీది వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీకవద్దు, కంటికి కనిపించని గాట్లే ఇన్‌ఫెక్షన్‌కు దారి. ముందురోజు రాత్రి, ఆపరేషన్ రోజు ఉదయం క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే ద్రవంతో స్నానం చేయమంటే చేయండి.

4. మీరు వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి

మోతాదుతో సహా, మూలికా గుళికలతో సహా రాయండి. రక్తం పలచబడే మందులే ఇందులో ముఖ్యమైనవి. క్లోపిడోగ్రెల్ సాధారణంగా 5 నుంచి 7 రోజుల ముందు, వార్ఫరిన్ 5 రోజుల ముందు ఆపుతారు, అపిక్సబాన్ లాంటివి 2, 3 రోజుల ముందు. కానీ గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు గానీ కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లు గానీ గుండె డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా ఆపకూడదు. వెన్ను సర్జన్, గుండె డాక్టరు ఇద్దరూ ఒప్పుకున్న తేదీ రాతపూర్వకంగా తీసుకోండి. ఎప్పుడు ఆపాలో అందరూ చెబుతారు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పడం మరిచిపోతుంటారు. అది కూడా రాయించుకోండి.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు 3 రోజుల ముందు ఆపాలి. ఆపకపోతే షుగరు అంకె మామూలుగానే ఉన్నా రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లు పొట్ట ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి, మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి. స్టెరాయిడ్లు ఏళ్లుగా వాడుతుంటే ఉన్నట్టుండి మానేయకండి. నొప్పికి ఓపియాయిడ్ (ట్రామడాల్, మార్ఫిన్ లాంటి గట్టి మందు) మాత్రలు చాలాకాలంగా వాడుతుంటే ముందే తగ్గించుకుంటూ రండి, లేదంటే ఆపరేషన్ తర్వాత మామూలు మోతాదు మీకు పనిచేయదు.

5. ఆపరేషన్ రోజు

ఇప్పుడు చేయగలిగింది తక్కువే, కానీ ఒకటి మాత్రం తప్పక చేయండి. ముందురోజే మీ కాళ్ల బలం రాసుకోండి. బొటనవేలు పైకి లేపగలుగుతున్నారా? మడమల మీద నాలుగడుగులు నడవగలుగుతున్నారా? మునివేళ్ల మీద నిలబడగలుగుతున్నారా? ఎక్కడ మొద్దుబారింది, ఎంత? రెండు కాళ్లకూ విడివిడిగా రాయండి. రేపు ఏదైనా తేడా వస్తే అది పాతదా కొత్తదా అన్న వాదనకు తావుండదు.

కొందరికి నడుము పూసలు ఐదుకు బదులు నాలుగో ఆరో ఉన్నట్టు కనిపిస్తాయి. మీ ఎమ్మారై రిపోర్టులో అలాంటి మాట ఉంటే సర్జన్‌కు గుర్తుచేయండి. లెక్క తప్పి పక్క పూసల మధ్య చేయడానికి ఇదొక కారణం.

ఆపరేషన్ జరుగుతుండగా వెన్నుపామును, నరాలను కప్పే డ్యూరా అనే పొర చిరగొచ్చు. ఇంతకుముందు ఆపరేషన్ అయిన చోట మచ్చ పొరకు అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి రెండోసారి చేసేటప్పుడు ఇది ఎక్కువ. కనిపించిన వెంటనే కుట్టేస్తే సాధారణంగా దీర్ఘకాలిక నష్టం ఉండదు. కొద్దికాలం పడుకునే ఉండమంటారు. చిరిగిందా లేదా అని తర్వాత అడగండి. తెలిసి ఉంటే ఇంటికెళ్లాక తలనొప్పి వస్తే ఎందుకో అర్థమవుతుంది.

బోర్లా పడుకోబెట్టి గంటల తరబడి చేసే ఆపరేషన్ కాబట్టి ముఖం, ఛాతీ, తుంటి ముందు భాగం మీద ఒత్తిడి పడుతుంది. తొడ బయటి పక్క మంట, మొద్దుబారడం దీనివల్లే వస్తుంది, చాలావరకు వారాల్లో పోతుంది. ఆరు గంటలు దాటిన, రక్తం లీటరుకు మించి పోయిన ఆపరేషన్లలో చాలా అరుదుగా కంటినరానికి రక్తం అందక చూపు పోవచ్చు. మెలకువ వచ్చాక ఒక్కో కన్నూ మూసి చూసుకోండి, మసకగా ఉంటే ‘మత్తు వల్లేలే’ అని సరిపెట్టుకోకండి.

6. మొదటి 48 గంటలు: పక్కన ఉండే మనిషి ఇది చదవాలి

అన్నిటికన్నా గడువు తక్కువున్న ముప్పు ఇక్కడే ఉంది. కుట్లు వేశాక లోపల రక్తం కారి, గడ్డకట్టి, నరాలను నొక్కేస్తుంది. లోపలి రక్తం బయటికి పోయే గొట్టం (డ్రెయిన్) పెట్టినా రావచ్చు, గొట్టం మూసుకుపోతే బయటికి ఏమీ తెలియదు. గంటల్లో తీసేస్తే కాళ్లు తిరిగొస్తాయి, ఆలస్యమైన కొద్దీ తిరిగిరావడం తగ్గుతుంది. చాలాసార్లు ఆలస్యం జరిగేది ఎందుకంటే, నొప్పి పెరిగితే ‘ఆపరేషన్ నొప్పి కదా’ అని ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చుతారు.

అందుకే మొదటి రాత్రి గంట గంటకీ, తర్వాత మెలకువగా ఉన్నప్పుడల్లా రోగితో ఇవి చేయించండి. రెండు పాదాలూ పైకి లాగమనండి, కిందికి నొక్కమనండి. బొటనవేళ్లు పైకి లేపమని, వాటి మీద మీ వేలితో నొక్కి ఎంత ఎదురుబలం ఉందో చూడండి. తొడల లోపలి పక్కన, పిరుదుల మధ్య తాకితే తెలుస్తోందా అని అడగండి. మూత్రం గొట్టం తీసేశాక ఆరు గంటలు గడిచినా మూత్రం రాకపోతే నర్సుకు చెప్పి బ్లాడర్ స్కాన్ చేయించండి. మూత్రం ఆగడానికి మత్తు, నొప్పి మందులు కూడా కారణం కావచ్చు, కానీ దాంతోపాటు మొద్దుబారడం ఉంటే అది వేరే కథ.

ఒక గంట క్రితం లేచిన వేలు ఇప్పుడు లేవకపోతే, మందు ఇచ్చినా నొప్పి పెరిగిపోతుంటే, డ్యూటీ డాక్టరు చూసి వెళ్లడంతో ఆగకండి. ‘బలం తగ్గుతోంది, సర్జన్‌కు ఇప్పుడే ఫోన్ చేయండి’ అని ఈ మాటలతోనే చెప్పండి. ఎమ్మారై ఆ రాత్రే జరగాలి.

మెడకు ముందు నుంచి చేసినవాళ్లలో అదే రక్తం ఊపిరిగొట్టాన్ని నొక్కుతుంది. మెడ ముందు ఉబ్బడం, మాట మారడం, ఉమ్మి మింగలేకపోవడం, పడుకోలేక లేచి కూర్చోవడం కనిపిస్తే నిమిషాల్లో స్పందించాలి. మంచం దగ్గరే కుట్లు విప్పాల్సి రావచ్చు.

ఓపియాయిడ్ మందుతో పాటు ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, నిద్రమాత్రలు కలిస్తే ఊపిరి మందగిస్తుంది. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లలో మరీను. ఇంట్లో సీప్యాప్ మిషన్ వాడుతుంటే ఆసుపత్రికి తెచ్చుకోండి. పెద్ద వయసువాళ్లు రెండోరోజు తికమకగా మాట్లాడితే, కళ్లజోడు, వినికిడి యంత్రం పెట్టి, పగలు వెలుతురులో కూర్చోబెట్టి, వెనక ఇన్‌ఫెక్షన్ గానీ సోడియం తగ్గడం గానీ ఉందేమో చూడమనండి.

7. ఇంటికి వచ్చాక మొదటి ఆరు వారాలు

గాయం: ఫ్యూజన్‌లో ఇన్‌ఫెక్షన్ సాధారణంగా నూటికి ఒకరి నుంచి నలుగురిదాకా ఉంటుంది. ఎక్కువగా బయటపడేది రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య, సరిగ్గా ‘ఇక గట్టెక్కాం’ అనుకునే సమయంలో. గుర్తు పెట్టుకోవాల్సింది దిశ. మానే గాయం రోజురోజుకీ పొడిబారుతుంది, నొప్పి కొద్దికొద్దిగా తగ్గుతుంది. వారం దాటాక ఆరిన గాయం మళ్లీ తడి కావడం, తగ్గిన నొప్పి మళ్లీ పెరగడం, ఎర్రదనం పాకడం ఉంటే జ్వరం లేకపోయినా చూపించాలి. లోతైన ఇన్‌ఫెక్షన్‌లో జ్వరం రాకపోవడం అరుదేమీ కాదు. రోజూ ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి గాయాన్ని ఫోటో తీసి ఉంచితే తేడా కళ్లకు కడుతుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, చుక్క చీము కనిపించగానే దగ్గర్లోని డాక్టరుతో యాంటీబయాటిక్ రాయించుకోవడం. దాంతో పైపైన తగ్గినట్టే ఉంటుంది, లోపల లోహం మీద క్రిములు పొర కట్టుకుంటాయి. పైగా తర్వాత కల్చర్ చేస్తే ఏ క్రిమో తేలదు. ముందు ఆపరేషన్ చేసిన సర్జన్‌కు చూపించి, కల్చర్ తీశాకే మందు మొదలవ్వాలి. ఒంట్లో వాపును, ఇన్‌ఫెక్షన్‌ను చూపే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష అంకె ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకు పైకి వెళ్లి, రెండు వారాల్లో దాదాపు మామూలుకు వస్తుంది. దిగుతూ దిగుతూ మళ్లీ పెరిగితే అదే హెచ్చరిక. త్వరగా కనుక్కుంటే లోపల కడిగి, స్క్రూలు అలాగే ఉంచి, సుమారు ఆరు వారాల యాంటీబయాటిక్‌తో నయం చేయగలుగుతారు.

కట్టు నీళ్లలాంటి ద్రవంతో తడుస్తోందా? కూర్చుంటే తల పగిలిపోయి, పడుకోగానే తగ్గుతోందా? అది వెన్నుద్రవం కారడం. పడుకోబెట్టి, అదే రోజు సర్జన్‌ను కలవండి. దానికి జ్వరం, మెడ బిగుసుకుపోవడం తోడైతే మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్‌ఫెక్షన్) అనుమానించాలి, అత్యవసర విభాగానికి వెళ్లాలి.

రక్తం గడ్డలు: ఒక్క పిక్క మాత్రమే వాచి, గట్టిపడి, నొప్పిగా ఉంటే డాప్లర్ (రక్తనాళాల స్కాన్) చేయించాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, నెత్తురు దగ్గడం వస్తే అంబులెన్స్ పిలవండి. దీనికి విరుగుడు నడకే. మొదటి వారం ఐదేసి నిమిషాల చొప్పున రోజుకు ఐదారు సార్లు, తర్వాత వారం వారం పెంచుకుంటూ పోండి.

కదలికలు: వంగడం, మెలితిరగడం, బరువెత్తడం వద్దు. బరువు పరిమితి చాలామంది సర్జన్లు ఆరు వారాల దాకా 2 నుంచి 4 కిలోలు పెడతారు. మంచం దిగేటప్పుడు మోకాళ్లు మడిచి, భుజం, తుంటి ఒకేసారి కదిలేలా పక్కకు దొర్లండి. కాళ్లు మంచం కిందికి దించుతూనే మోచేత్తో మంచాన్ని నొక్కి లేవండి. వెల్లకిలా నుంచి నేరుగా లేవడంలో స్క్రూల మీద పడే బరువు ఎక్కువ. మెత్తని లోతైన సోఫాలో కూర్చోకండి. కుట్ల మీద నూనె, పౌడరు, లేపనం ఏదీ రాయకండి. పూర్తిగా మానేదాకా తొట్టిలో గానీ కొలనులో గానీ దిగకండి.

మాత్రలు: పారాసిటమాల్ రోజుకు అన్నీ కలిపి 4 గ్రాములు మించకూడదు. ఓపియాయిడ్ కలిపిన కొన్ని మాత్రల్లో కూడా అది ఉంటుంది, అందుకే చీటీ చదివి లెక్కవేయండి. ఓపియాయిడ్ మొదలైన రోజే విరేచనం సాఫీ చేసే మందు కూడా మొదలుపెట్టండి. మలబద్ధకం వచ్చాక ముక్కితే నడుము మీదే ఒత్తిడి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఎక్కువకాలం వాడితే ఎముక అతుకును మందగింపజేస్తాయన్న ఆందోళన ఉంది. సర్జన్ చెప్పకుండా వేసుకోకండి.

పాత తిమ్మిరి ఇంకా ఉందని దిగులు పడకండి. నొక్కుకుపోయిన నరం కోలుకోవడం నెలల పని, ముందు కాలు లాగడం తగ్గుతుంది, తర్వాత బలం తిరిగొస్తుంది, చివరగా మొద్దుబారడం పోతుంది.

8. మూడు నెలల నుంచి ఏడాదిన్నర దాకా: అతుకు పడిందా?

అతుకు పడకపోతే కథ చాలావరకు ఒకేలా ఉంటుంది. మొదటి నెలల్లో బాగుంటుంది, ఆరు నెలలు దాటాక, కదిలినప్పుడల్లా అదే చోట లోతుగా నొప్పి తిరిగొస్తుంది. ఎముక మోయాల్సిన బరువు లోహమే మోస్తూ మోస్తూ అలసిపోతుంది, స్క్రూ చుట్టూ ఎముక కరిగి నల్లని గీతలా ఎక్స్‌రేలో కనిపిస్తుంది, రాడ్డు విరగొచ్చు. మామూలు ఎక్స్‌రే బాగానే ఉందన్నంత మాత్రాన సరిపెట్టుకోకుండా, సన్నని ముక్కలతో సీటీ, వంగి-నిటారై తీసే ఎక్స్‌రేలు అడగండి. దీనితోపాటు సీఆర్‌పీ చేయించడం తప్పనిసరి, ఎందుకంటే చర్మం మీద ఉండే కొన్ని నిదానపు క్రిములు ఏ జ్వరమూ లేకుండా నెలల తర్వాత స్క్రూలను వదులు చేస్తాయి. రెండింటికీ చికిత్స వేరు.

అతుకు పడకపోయినా నొప్పి లేనివాళ్లు ఉన్నారు. వాళ్లకు ఆపరేషన్ అక్కర్లేదు. ఫిల్మును కాదు, మనిషిని చూసి నిర్ణయించాలి.

అతుకు బాగా పడి, స్క్రూలు సరిగా ఉండి కూడా నొప్పి తగ్గనివాళ్లు కొందరుంటారు. అప్పుడు రెండో ఆపరేషన్‌కు తొందరపడకండి. మొదటిసారి కన్నా రెండోసారికి లాభం తగ్గుతుంది, ముప్పు పెరుగుతుంది. నొప్పి అసలు తుంటి కీలు నుంచో, త్రికాస్థికీ తుంటి ఎముకకూ మధ్య ఉన్న కీలు నుంచో వస్తోందేమో ముందు తేల్చాలి. ఆ కీలులోకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి పోతుందో లేదో చూడటం మంచి పరీక్ష.

9. ఏళ్లు గడిచాక

కదలిక ఆగిన పూసల భారం పైపూస మీద, కిందిపూస మీద పడుతుంది. అక్కడి డిస్కు త్వరగా అరిగి కొత్త నొప్పి రావచ్చు, ఇది సుమారు ఏటా నూటికి ఇద్దరు ముగ్గురిలో. ఎక్కువ పూసలు కలిపి అతికించినవాళ్లలో, నడుముకు సహజంగా ఉండాల్సిన లోపలి వంపు తగ్గిపోయేలా అతికించినవాళ్లలో ఇంకా ఎక్కువ. వంపు పోతే మనిషి ముందుకు వాలిపోతాడు, నిలబడటానికే మోకాళ్లు మడవాల్సి వస్తుంది. ఆపరేషన్‌కు ముందే నిలబెట్టి మొత్తం వెన్ను ఎక్స్‌రే తీశారా అని అడగడం అందుకే అవసరం.

మీకు తుంటి కీలు మార్పిడి అయి ఉన్నా, ముందుముందు చేయించుకోవాల్సి వచ్చినా, నడుము ఫ్యూజన్ సంగతి ఆ సర్జన్‌కు తప్పక చెప్పండి. కూర్చున్నప్పుడు వెనక్కి వాలాల్సిన కటి ఎముకల గూడు ఇప్పుడు వాలదు, దాంతో కృత్రిమ కీలు జారిపోయే ముప్పు పెరుగుతుంది. కీలు అమర్చే కోణం దాన్ని బట్టి మార్చుకుంటారు.

డిశ్చార్జి కాగితాలతో పాటు ఆపరేషన్ నోట్స్, ఇంప్లాంట్ల మీది స్టిక్కర్ల నకలు అడిగి తీసుకోండి. స్క్రూ ఏ కంపెనీది, ఏ సైజు, ఏ లోహం అన్నది అందులో ఉంటుంది. టైటానియం అయితే ఎమ్మారైకి సాధారణంగా అడ్డు ఉండదు, ఆ చుట్టుపక్కల బొమ్మ మాత్రం చెదిరినట్టు వస్తుంది. పదేళ్ల తర్వాత ఏ స్క్రూ అయినా తీయాల్సి వస్తే దానికి సరిపోయే స్క్రూడ్రైవర్ ఏదో ఆ కాగితమే చెబుతుంది. అది లేక థియేటర్‌లో లోహాన్ని కోసి తీయాల్సి వస్తే, పావుగంట పని గంటల మీదికి పోతుంది.